నిమిషం టెంటులో తెల్లవార్లూ

ఆ జలాశయం ఒడ్డున కార్లలో వచ్చి టెంట్లు వేసుకునేవాళ్ళకి పదకొండు చోట్లు కేటాయించారు. వాటిలో పది, ముందుగా చెప్పుకుంటే తప్ప దొరకవు. పదకొండోది మాత్రం... ఎప్పుడు వెళ్ళినా ఖాళీయే.

నీడ బాగుంటుంది. నేల చదునుగా ఉంటుంది. కుళాయి పది అడుగుల దూరం. అయినా ఖాళీయే.

ఎందుకో గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు. ఎవరో వింటున్నట్టు గొంతు తగ్గించి చెప్పాడు.

చాలా ఏళ్ళ కింద ఒక మొగుడూ పెళ్ళాం కారులో వచ్చి అక్కడ టెంటు వేసుకున్నారట. రాత్రి ఆమె లోపల పడుకుని ఏదో కబురు చెబుతోంది. అతను బయట కుర్చీలో కూచుని ఊఁ కొడుతున్నాడు. చెబుతూ చెబుతూ ఉండగా — కారు తలుపు పడిన చప్పుడు. ఇంజను. కంకర మీద చక్రాలు. తర్వాత... ఏమీ లేదు.

ఆమె మాత్రం కబురు ఆపలేదట. పదో చోటులో పడుకున్నవాళ్ళు విన్నారు. ఒక మాట చెప్పి ఆగేది. మళ్ళీ ఒక మాట చెప్పి ఆగేది. ఊఁ కోసం.

పొద్దున్నే అప్పటి వాచ్‌మన్ వెళ్ళి చూస్తే జిప్పు లోపలి నుంచి వేసి ఉంది. కోసి తెరిస్తే లోపల మనిషి లేదు. పక్క మీద పడుకున్న గుంట అలాగే ఉంది.

అప్పట్నుంచి అక్కడ పడుకున్న ప్రతివాడికీ రాత్రిపూట ఆ చప్పుడు వినిపిస్తుందట. తలుపు, ఇంజను, కంకర. మన కారే పోయిందని బయటికి పరిగెత్తుకొస్తే... కారు అక్కడే ఉంటుంది. బానెట్ మీద చెయ్యేస్తే చల్లగా ఉంటుంది.

ఈ కథ చెప్పి భయపెడదామనుకుంది ఎవర్ని? నన్ను.

టెంట్ల విషయంలో నన్ను మించిన మనిషి ఈ భూమ్మీద పుట్టలేదు. ఒకవేళ పుట్టినా ఇంకా నడక రాలేదు. ఒకసారి గాలివానలో ఇరవై మంది పట్టే టెంటుని ఒంటి చేత్తో నిలబెట్టాను. రెండో చేతిలో టీ. చుక్క ఒలకలేదు. ఎనిమిది మేకుల పాత టెంటు మామూలోడు గంటసేపు వేస్తే, నేను ఏడు నిమిషాల్లో వేసి మిగతా టైములో వాడికి సలహాలిచ్చేవాణ్ణి.

క్యాంపింగు సామాన్లు అమ్మే కొట్లో ఇరవై రెండేళ్ళు చేశాను. కొన్నవాళ్ళ వెంట వెళ్ళి టెంటు వేసి పెట్టడం, కొత్త రకం వస్తే ముందు మేమే ఒక రాత్రి అందులో పడుకుని బాగోగులు రాసివ్వడం మా పని. మేమంటే నేనూ, మా బామ్మర్దీ. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. మేకు ఏ వాలులో దిగాలో, ముడి ఎక్కడ బిగించాలో వాడికి నేర్పింది నేనే.

వాడు నాకు నేర్పింది ఏమీ లేదు. కానీ ఊఁ కొట్టడంలో వాణ్ణి మించినవాడు లేడు. సింహాన్ని టెంటు తాడుతో కట్టేశానంటే — ఊఁ. చలేస్తుందని దానికి దుప్పటి కప్పానంటే — ఊఁ. అలాంటి మనిషి పక్కనుంటే ఎన్ని రాత్రులైనా ఇట్టే గడిచిపోతాయి.

ఒకరోజు మా యజమాని కొత్త టెంటు తెచ్చి బల్ల మీద పడేశాడు. సంచి మీద 'ఒక్క నిమిషం' అని ఇంత పెద్ద అక్షరాలు.

"గొడుగులాంటిదే. నడిమిది లాగితే కాళ్ళన్నీ అవే విచ్చుకుంటాయి," అన్నాడు. "రేపు కొట్టు తెరిచేసరికి కాగితం నా బల్ల మీద ఉండాలి. పెద్దాయనా, ముందే చెబుతున్నాను. ఇది పాసైతే టెంట్లు వేసిపెట్టే మనుషులతో ఇక పనుండదు. కొట్లో విప్పి చూపించడానికి ఒకడు చాలు."

ఒకడు.

బయటికొచ్చాక బామ్మర్ది నా భుజం మీద చెయ్యేశాడు. "ఉంటే ఇద్దరం ఉందాం బావా. పోతే ఇద్దరం పోదాం. ఉన్నది ఉన్నట్టు రాద్దాం, ఏమైతే అదవుతుంది."

నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. దుమ్ము పడిందన్నాను.

పదకొండో చోటు అడిగింది వాడే. "మిగతావి నిండిపోయాయట బావా. అయినా నువ్వుండగా మనకేంటి? దెయ్యమే సామాన్లు సర్దుకుని పోవాలి."

నిజమే కదా అనుకున్నాను.

సాయంత్రానికి చేరాం. వాడు కారుని తిప్పి, ముక్కు రోడ్డు వైపు పెట్టి ఆపాడు.

"ఇప్పుడెందుకురా తిప్పడం?"

"పొద్దున్నే తిప్పుకోవడమెందుకని బావా."

టెంటు లాగాను. టకటకమని కాళ్ళు విచ్చుకున్నాయి. గడియారం చూస్తే యాభై సెకన్లు. ఆ యాభై సెకన్లలో నా ఇరవై రెండేళ్ళ పని మడత పెట్టి సంచిలో వేసినట్టయింది. ఏం చెప్పను... మంచి టెంటే. లోపల రెండు గదులు, మధ్యలో పరదా. గుడ్డ మీద బకెట్టు నీళ్ళు కుమ్మరించాను, చుక్క దిగలేదు. జిప్పు పదిసార్లు లాగి చూశాను. వెన్నలో వేలు పెట్టినట్టుంది, చప్పుడే లేదు.

"రాసుకోరా. జిప్పుకి పూర్తి మార్కులు," అన్నాను.

కానీ నా చేతిని దాటి తప్పు పోగలదా? వెనక ఎడమ కాలు. రెండు గొట్టాలు కలిసే చోట ఒక మీట ఉంటుంది. అది బయటికి పూర్తిగా రావడం లేదు. గట్టిగా ఊపితే లోపలికి జారిపోతోంది. గాలేస్తే పిల్లలు పడుకున్న టెంటు నిద్రలోనే మీద కూలుతుంది.

"ఇది ఫెయిల్రా," అన్నాను.

"ఫెయిలే బావా," అన్నాడు వాడు, కాలు వైపు చూడకుండానే. "పొద్దున్నే రాద్దాం."

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. పొద్దున్నే చలిలో టెంటు మడిచాక వేళ్ళు కొయ్యబారిపోతాయి. ఒకసారి నా సంతకం వంకర పోయిందని కాగితం వెనక్కొచ్చింది. అప్పట్నుంచి సంతకాలు సాయంత్రమే పెట్టేసేవాళ్ళం. గడుల్లో టిక్కులు మాత్రం తెల్లారాక. టిక్కు ఎంత వంకరైతే ఎవడడుగుతాడు?

ఆ సాయంత్రం కూడా కారు బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేశాను. పక్కన వాడూ చేశాడు. కాగితం కారు అరలో పెట్టాడు.

రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు తిని పడుకున్నాం. వాడు పరదా దించాడు. "ఇది కూడా పరీక్షించాలి కదా బావా. ఎవరి గది వాళ్ళది."

దీపం ఆర్పేశాం.

చీకటంటే చీకటి... కళ్ళు తెరిచినా మూసినా ఒకటే.

నేను కథ ఎత్తుకున్నాను. ఇరవై మంది టెంటు, గాలివాన, ఒంటి చెయ్యి. పరదా అవతల నుంచి — ఊఁ. టీ కప్పు. — ఊఁ. హాయిగా ఉంది. చుక్క ఒలకలేదన్నాను...

కారు తలుపు పడిన చప్పుడు.

కథ అక్కడే ఆపేశాను.

ఇంజను... కంకర మీద చక్రాలు... మెల్లగా... దూరంగా... ఇంకా దూరంగా...

లేవబోయాను. మళ్ళీ దుప్పటిలో దూరాను. అందులోంచే, గుసగుసగా —

"ఏరా... విన్నావా?"

పరదా అవతల నుంచి —

"ఊఁ."

అమ్మయ్య అనుకున్నాను. వాడు ఇక్కడే ఉన్నాడు. అంటే పోయింది మా కారు కాదు. దెయ్యం దాని పని అది చేసుకుంది, మా పని మేం చేసుకుందాం. బయటికి పరిగెత్తే పిరికివాణ్ణా నేను?

ధైర్యం కోసం కథ మళ్ళీ అందుకున్నాను.

"పాత టెంటు నేను ఏడు నిమిషాల్లో వేసేవాణ్ణి, గుర్తుందా?"

జవాబు లేదు.

"నిద్రపోయావేంట్రా? ... సరే, తొమ్మిది."

జవాబు లేదు. గుడ్డ కూడా కదలడం లేదు.

"... పదకొండు."

"ఊఁ."

నాకు నవ్వొచ్చింది. వీడికి ఇవాళ ఏమొచ్చింది, నా లెక్కలు సరిచేస్తున్నాడు? కానీ వాడి పంతం చూడండి, అది అక్కడితో ఆగలేదు. సింహం అన్నాను — నిశ్శబ్దం. కుక్క అన్నాను — నిశ్శబ్దం. పొరుగింటి పిల్లి అన్నాక — ఊఁ. ఇరవై మంది టెంటుకి నాతో పాటు నలుగురు పట్టుకున్నారని, టీ మొత్తం నా చొక్కా మీదే పడిందని ఒప్పుకున్నాకే — ఊఁ.

అబద్ధానికి ఊఁ లేదు. ఒక్కటంటే ఒక్కదానికి లేదు.

పుట్టి బుద్ధెరిగాక నేను అన్ని నిజాలు చెప్పిన రాత్రి ఇంకోటి లేదు. చెప్పేకొద్దీ గుండె తేలికవుతోంది. తెల్లవారుజామున కాబోలు, ఎవరికీ చెప్పని మాట కూడా వచ్చేసింది.

"నాకు భయంగా ఉందిరా. ఈ పని పోతే నేనేంటో నాకు తెలీదు."

"ఊఁ."

"నువ్వు మాత్రం నన్ను వదిలేసి పోవు కదా?"

చాలాసేపు ఏమీ వినిపించలేదు. ఆ తర్వాత —

"ఊఁ."

ఈసారి పరదా అవతల నుంచి రాలేదు. నా చెవి పక్కనే... చల్లగా.

నిద్రమత్తనుకున్నాను. అలాగే కళ్ళు మూతలు పడ్డాయి.

ఎండ ముఖం మీద పడి లేచాను. జిప్పు లాగాను. చప్పుడు లేకుండా తెరుచుకుంది.

కారు లేదు.

కంకర మీద చక్రాల గీతలు గేటు వైపు తిన్నగా వెళ్ళాయి. లోపలికొచ్చి పరదా ఎత్తాను. వాడి పక్క చుట్ట చుట్టి ఉంది. తాడు కట్టి ఉంది. నేను నేర్పిన ముడే, ఒక్క పోగు సడలలేదు. ఆ పక్క పరచనే లేదు.

అప్పుడే వెనక ఎడమ కాలి మీట జారింది. టెంటు మొత్తం నా నెత్తి మీద కూలింది.

దాన్ని భుజాన వేసుకుని నడిచాను. నలభై మైళ్ళు. ... సరే, తొమ్మిది.

నేను చేరేసరికి కొట్టు తెరిచి చాలాసేపైంది. యజమాని కాగితం నా ముందుకి తోశాడు. అన్ని గడుల్లో టిక్కులు. కాళ్ళు: బాగున్నాయి. గాలికి: ఆగుతుంది.

"కాళ్ళు బాగాలేవండీ," అన్నాను.

"కింద సంతకం ఎవరిది పెద్దాయనా?"

నాదే. వంకర కూడా పోలేదు.

బామ్మర్ది బల్ల వెనక నిలబడి ఎవరికో టెంటు విప్పి చూపిస్తున్నాడు. తలెత్తలేదు.

నాలుగేళ్ళు మాకు మాటల్లేవు. మా ఆవిడ అటూ ఇటూ నలిగిపోయింది. మొన్న సాయంత్రం వాడే వచ్చాడు. జుట్టు నెరిసింది. ముందు గది గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఇప్పుడు ఇంకా గొప్ప రకం వచ్చింది బావా. విప్పి చూపించే మనిషి కూడా అక్కర్లేదట," అన్నాడు.

నేను కిటికీ వైపు తిరిగాను.

"భయమేసింది బావా. నువ్వెక్కడైనా బతుకుతావు. నాకు నువ్వు నేర్పింది తప్ప ఇంకోటి రాదు. కారు చప్పుడైనా అది దెయ్యమేననుకుని నువ్వు బయటికి రావని... అందుకే అక్కడికి తీసుకెళ్ళాను."

నేను భయపడతానని వాడికి ముందే తెలుసు. నా గొప్పలన్నిటికీ ఊఁ కొడుతూ, ఒక్కటీ నమ్మలేదన్నమాట.

"పోతే పోయావు. తెల్లవార్లూ నాకు తోడుండి, ఆఖర్న పోయావు. అది మాత్రం మర్చిపోను," అన్నాను.

వాడు అయోమయంగా చూశాడు. "తెల్లవార్లూ ఎక్కడ బావా? నువ్వు గాలివాన కథ ఎత్తుకున్నావు. రెండు సార్లు ఊఁ కొట్టి లేచిపోయాను. రాత్రి పది కూడా కాలేదు."

"ఏడు నిమిషాలంటే ఊఁ కొట్టలేదు నువ్వు. పదకొండు అనేదాకా..."

"నువ్వు ఏడన్నా ఊఁ అంటాను, మూడన్నా ఊఁ అంటాను. ఇన్నేళ్ళలో నిన్నెప్పుడైనా ఆపానా బావా?"

ఆపలేదు. నిజమే. ఎప్పుడూ ఆపలేదు.

మా ఆవిడ ఇచ్చిన టీ తాగి వాడు వెళ్ళిపోయాడు. నేను దీపం వేయకుండా కుర్చీలో కూచుండిపోయాను. ఆ రాత్రిని మొదట్నుంచీ తలుచుకుంటూ, అలవాటు కొద్దీ పైకే చెప్పుకుంటున్నాను. పరదా... కారు చప్పుడు... ముడి విప్పని పక్క... నన్ను మోసం చేసినవాణ్ణి క్షమించేశానన్నాను. ఏమీ వినిపించలేదు. క్షమించలేదన్నాను.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"ఏమండీ," అంది మా ఆవిడ లోపలి నుంచి, మెల్లగా. "తమ్ముడు వెళ్ళి గంటయింది కదా... మీకు ఊఁ కొడుతున్నదెవరు?"