సగంలో ఆరిన కొవ్వొత్తులు

యుద్ధం రోజులు. నరసరావుపేటలో కిరసనాయిలు చుక్క దొరకడం గగనంగా ఉండేది. బస్సులు బొగ్గుతో నడిచేవి, అదీ వాటికి బుద్ధి పుట్టినప్పుడు. రైలెక్కుదామంటే పెట్టె నిండా పటాలమే. అలాంటి కాలంలో ప్రత్తి మిల్లులో పనిచేసే శౌరి సైకిలు మీద వేళాంగణి పోతానని పట్టుబట్టాడు. వేళాంగణి అంటే పక్కనున్న ఫిరంగిపురం అనుకునేరు! మద్రాసు దాటి, పాండిచ్చేరి దాటి, నాగపట్నం అవతల సముద్రం ఒడ్డున ఉంది మాత గుడి.

సరదాకి కాదు పాపం. చిన్నప్పుడు వాడు విషజ్వరంతో తెలివి లేకుండా పడి ఉంటే, వాళ్ళమ్మ కరుణమ్మ మాతకు మొక్కుకుంది, బిడ్డ బతికితే నీ కాళ్ళ దగ్గరికి పంపుతానని. బిడ్డ బతికాడు. మొక్కు మాత్రం తీరలేదు, ఇవాళా రేపూ అంటూ ఏళ్ళు గడిచిపోయాయి. మొన్న ఈస్టరు ముందు తపస్సుకాలంలో కరుణమ్మ పోయింది. పోయేముందు వాడి చెయ్యి పట్టుకుని, "ఆ మొక్కు తీరందే నాకు విడుదల లేదురా నాయనా," అంది. ఏడాది పూజ తిరిగొచ్చే లోపల వేళాంగణి పోయి రాకపోతే అమ్మ ఎటూ కాకుండా ఇరుక్కుపోతుందని వాడి భయం. ఆ భయంతో వాడికి అన్నం కూడా సయించడం లేదు.

అసలు సెప్టెంబరులో, మాత పండగకే పోవాల్సింది. టైర్లు దొరకలేదు. దొరికేసరికి తుపాన్ల కాలం నెత్తి మీదికొచ్చింది. ఆగుదామంటే జనవరిలో ప్రత్తి దిగుతుంది, మిల్లు వాళ్ళు కదలనివ్వరు. పోతే ఇప్పుడే పోవాలి.

తోడు వస్తానన్నవాడు జక్కయ్య. జాన్ సాహెబు సైకిలు షాపులో పంక్చర్లు వేస్తాడు. మంచివాడే గానీ, నోట్లోంచి వచ్చే మాటలో సగం అబద్ధం. షాపు వెనక గదిలో నేల మీద సుద్దముక్కతో దారంతా గీశాడు. చిలకలూరిపేట, ఒంగోలు, నెల్లూరు, మద్రాసు... ఎక్కడ పండాలో, ఎక్కడ గంజి దొరుకుతుందో, ఏ ఏరు పొంగితే ఎటు తిరిగి పోవాలో, రోజూ ఇద్దరూ ఆ గీత చుట్టూ గొంతుక్కూర్చుని వాదించుకునేవాళ్ళు. అంతా కుదిరింది. దీపం ఒక్కటే కుదరలేదు. దీపం లేని సైకిలు కనిపిస్తే పోలీసులు ఊరుకోరు. కిరసనాయిలు లేదు. కొవ్వొత్తి కొందామంటే ఇంటికి ఒక్కటి దొరికితే గొప్ప.

ఆ ఒక్కటీ జనం నవంబరులో వచ్చే సమాధుల పండగకు దాచుకున్నారు. పండగనాటి సాయంత్రం వినుకొండ రోడ్డులో ఉన్న సమాధుల తోటలో సున్నం కొట్టిన సమాధులన్నిటి మీదా ఒక్కో కొవ్వొత్తి వెలిగింది. ఫాదరుగారు దీవించి వెళ్ళారో లేదో, ఈదురుగాలి లేచింది. అన్నీ సగంలో ఆరిపోయాయి. వాన పడుతుంటే జనం, తెల్లారి వచ్చి మళ్ళీ వెలిగిద్దాంలే అని ఇళ్ళకు పరిగెత్తారు.

జక్కయ్య పరిగెత్తలేదు. తువాలు పరిచాడు.

"ఒరేయ్, తప్పురా," అన్నాడు శౌరి. "మా అత్త ఏమంటదో తెలుసు గదా. ఆ వెలుగులోనే చచ్చిపోయినోళ్ళు దారి చూసుకుని పోతారంట. సగంలో ఆరితే మళ్ళీ వెలిగించాల గానీ తీయకూడదంట."

"ఆరిపోయినవే గదరా. ఎలుకలు కొరికేదానికంటే, మొక్కు తీర్చేదానికి వాడితే పుణ్యమే గదా. వచ్చే ఏడు తలా రెండు పెడదాంలే."

మొక్కు అనేసరికి శౌరి నోరు మూతపడింది. "మా అమ్మది మాత్రం ముట్టుకోమాక," అన్నాడు.

"ఛ! అంత చెడ్డోణ్ణా?"

జక్కయ్య ఆ ముక్కలన్నీ గిన్నెలో కరిగించి, వెదురు గొట్టంలో పోసి, ఒక్కటే లావుపాటి కొవ్వొత్తి చేశాడు. నాలుగు వేళ్ళ ఎత్తు ఉంది. సైకిలు లాంతరులో కొలిచి చేసినట్టు సరిపోయింది.

రేపు ప్రయాణమనగా సాయంత్రం దీపాల వేళ శౌరి దాన్ని వెలిగించాడు. ముసురు పట్టి అప్పటికే చీకటి కమ్మింది.

"వంతెన దాకా పోయొస్తా. గాలికి నిలుస్తదో లేదో చూడాల గదా."

"పోయిరా. నేను పక్కచుట్ట కట్టుకుంటా. తెల్లారకముందే మీ ఇంటి దగ్గరుంటా," అన్నాడు జక్కయ్య.

శౌరి చిలకలూరిపేట రోడ్డు పట్టాడు. ఊరు వెనకబడింది. రెండువైపులా నల్లరేగడి చేలు, వాటి మీద సన్నగా పడే తుంపర. గొలుసు కిర్రుకిర్రుమంటోంది. దీపం మాత్రం రెపరెపలాడకుండా నిలబడి వెలుగుతోంది. భలే చేశాడురా జక్కడు అనుకున్నాడు శౌరి. రేపు ఈపాటికి ఒంగోలు దారిలో ఉంటాను, అమ్మా నీ పని మొదలైనట్టే అని పైకే అన్నాడు.

కాసేపటికి వాసన వచ్చింది. కరిగే మైనం వాసన. దానితో పాటు తడిసిన సున్నం, వాడిన బంతిపూలు. చేల మధ్య బంతిపూలు ఎక్కడివి?

వెలుగులో రోడ్డు పక్కన తెల్లగా ఏదో కనిపించింది. మైలురాయి అనుకున్నాడు. నాలుగు తొక్కులు తొక్కాడో లేదో ఇంకొకటి. ఆ పక్కన మరొకటి. దాని మీద సిలువ ఉంది.

శౌరి కాళ్ళు ఆగిపోయాయి. సమాధుల తోట ఉన్నది ఊరికి అవతల, వినుకొండ రోడ్డులో. తను వచ్చింది ఇటు.

సైకిలు వెనక్కి తిప్పాడు. వెలుగు కూడా తిరిగింది. తిరిగిన చోటా సమాధులే. ఎడమకు తిప్పాడు... సమాధులే. కుడికి... అక్కడా అంతే. దీపం ఎటు చూపిస్తే అటు ఆ తోటే, ఆ సున్నపు దిమ్మెలే. దీపం వెలుగు దాటితే చీకటి గోడలా నిలబడి ఉంది. తొక్కబోతే చక్రాలు కదల్లేదు. రేగడి మట్టి మడ్‌గార్డుల దాకా నిండిపోయింది.

దిగాడు. ఒక్కో సమాధి మీదా కొవ్వొత్తి పెకలించిన నల్లటి మరక. ఎదురుగా ఉన్న సిలువ వాడికి బాగా తెలుసు. తనే చెక్కి పాతాడు. కరుణమ్మ అని పేరు. దాని కిందా అదే మరక. చాకుతో గీకిన గుర్తులు.

"జక్కా... ఎంత పని చేశావురా," అని ఏడ్చాడు శౌరి.

దీపం ఆర్పేద్దామనుకున్నాడు. లాంతరు అద్దం తెరిచి ఊదాడు. మంట వంగి, మళ్ళీ లేచింది. ఇంకా గట్టిగా ఊదాడు. లేచింది. వేళ్ళతో వత్తిని నలిపాడు. కాలలేదు... మంట చల్లగా ఉంది. బావి నీళ్ళంత చల్లగా.

వెనక నుంచి ఎవరో దగ్గారు.

"అబ్బాయ్... దీపం నీ దగ్గరుందా?" ముసలి గొంతు.

"మాది కూడా అందులోనే కలిపారంట..." ఎవరో ఆడమనిషి.

"నాది కూడా," అంది ఓ పసిగొంతు, వాడి మోచేతి పక్కనే.

శౌరి తల తిప్పలేదు. తిప్పే ధైర్యం లేదు. చెవి దగ్గర తడిగాలి తగిలింది. తర్వాత, ఏడెనిమిది నెలలుగా వినని గొంతు.

"శౌరీ..."

"అమ్మా! నీ కోసమేనే... నీ మొక్కు కోసమే..."

"తెలుసు నాయనా. అందరిదీ ఒక్క దీపం చేశారు. ఇంక అది ఎటు పోతే అటే రావాల మేము." తుంపర జోరందుకుంది. "ఇంటికి పోదాం పద. తడుస్తున్నాం."

లాంతరు విసిరేసి పరిగెత్తాలనిపించింది. విసిరేస్తే? అమ్మ కూడా అందులోనే ఉంది. పారేసి పోతే ఈ చీకట్లో ఆమె గతేంది? తీసుకుపోతే తన గతేంది? శౌరి లాంతరు ఊడదీసి గుండెకు హత్తుకున్నాడు. సైకిలు అక్కడే వదిలి నడిచాడు. వెనక బురదలో కాళ్ళ చప్పుడు. ఒక్కరిది కాదు... ఇద్దరిది కాదు... చానామందిది.

ఎలా వచ్చాడో, ఇంటి ముందు ఉన్నాడు. మేనత్త కాంతమ్మ తలుపు తీసింది. ఆమె రెండు కళ్ళకూ పొర కమ్మింది, పగలు కూడా మనిషి ఆనడు. చెవులు మాత్రం పాము చెవులు.

"వచ్చావా నాయనా. ఎవర్రా ఇంతమంది?" అని నవ్వింది. "ఈ వానలో..."

శౌరిని రాసుకుంటూ చల్లగా ఒకరి వెనక ఒకరు లోపలికి పోతున్నారు. కాంతమ్మ అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు వేసింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

"వదినా..." అంది మెల్లగా.

ఆ రాత్రి అత్తా అల్లుడూ మూలన గోడకానుకుని నిలబడే ఉన్నారు. కూర్చోవడానికి చోటు లేదు. చూడబోతే గదంతా ఖాళీ. నడుమ నేల మీద లాంతరు. కాంతమ్మ చేతిలో జపమాల ఉంది గానీ, వేళ్ళు కదల్చడానికి సందు లేదు. శౌరి కన్నార్పకుండా ఆ కొవ్వొత్తినే చూశాడు. అది అయిపోతే వీళ్ళు పోతారని ఆశ. కోడి కూసింది. కొవ్వొత్తి ఇంకా నాలుగు వేళ్ళ ఎత్తే ఉంది.

బయట సైకిలు గంట మోగింది.

"ఒరేయ్ శౌరీ! బయల్దేరదామా?" జక్కయ్య తలుపు తోశాడు. నెత్తిన తువాలు, చంకలో పక్కచుట్ట. "అదేంది, మూల నిలబడ్డారు?"

"రామాక నాయనా," అంది కాంతమ్మ గుసగుసగా. "లోపల చోటు లేదు."

"ఉన్నది ఇద్దరే గదా అత్తా!" అని నవ్వాడు జక్కయ్య.

పోరా, పారిపోరా అని అరవాలని శౌరి నోరు తెరిచాడు. తడిసిన చెయ్యి ఒకటి వాడి నోటి మీద పడింది. పెదవులకు గుచ్చుకున్న ఉంగరం అమ్మదేనని వాడికి తెలుసు.

"జరగండి," అంది అమ్మ గొంతు, ఎంతో నెమ్మదిగా. "ఆ అబ్బాయికి కూడా చోటివ్వండి."

గదిలో అందరూ జరిగారు. శౌరి వీపు గోడకు అతుక్కుపోయింది. జక్కయ్య చెప్పులు బయట విడిచి, గడప లోపల కాలు పెట్టాడు.