మరియదాసు సమాధి మీద తడి

చిలకలూరిపేట హైవే దిగి, మూతబడ్డ జిన్నింగు మిల్లు దాటితే సమాధుల దొడ్డి. చీకటి పడ్డాక ఆటోవాళ్లు అటు రమ్మన్నా రారు. చివరి వరసలో ఉన్న మరియదాసు సమాధి రాత్రిళ్లు ఏడుస్తుందట...

ఉత్త మాట కాదు. చుట్టూ ఉన్న సమాధులన్నీ పొడిగా ఉంటాయి. ఆ ఒక్కదాని మీద నుంచే నీళ్లు కారుతుంటాయి.

మిల్లు వెనక రేకుల షెడ్డులో కొలిమి పని మరియదాసుది. పాత ప్లాస్టిక్ పైపుల ముక్కల్లో ఉక్కు ఫ్యాక్టరీ దుమ్ము కలిపి కాలిస్తే తెల్లటి పొగ లేచేది. జింకు, సీసం అన్నీ ఆ పొగలోనే! చల్లారి పొడిగా పేరుకుంటే గీకి లారీకెక్కించేవాళ్లు. రెండేళ్లు దగ్గి దగ్గి పోయాడు మరియదాసు. షెడ్డు మూశారు. ఆ పొగకి ఏనాడూ భయపడని ఊరు, సమాధికి భయపడింది!

"ఆఖరి గడియలో పక్కన లేకపోతివి. ఏడవడా మరి?" అంది పక్కింటి కొండమ్మ, అతని భార్య మహిమతో.

ఆ రోజు మహిమ పత్తి తీతకి పోయింది. తిరిగొచ్చేసరికే... అంతా అయిపోయింది. ఏం చెప్పాలనుకున్నాడో?

సమాధుల పండక్కి మహిమ తన చేత్తోనే సమాధికి సున్నం వేసింది. ఆ రాత్రి నుంచే ఈ ఏడుపు. మూడో రాత్రి ఒక్కతే వెళ్లింది. టార్చి వేసింది. సిలువ మీంచి చుక్క... చుక్క...

"ఏమయ్యా... నామీద కోపమా?"

చెయ్యి ఆనించింది. చల్లగా తగిలింది. ఆ వెంటనే — అరచేతిలో మంట!

వెనక అడుగుల చప్పుడు.

"చెల్లెమ్మా! చెయ్యి తియ్యి!"

మాబు. మరియదాసుతో కొలిమి దగ్గర పనిచేసినవాడు. చేలో మోటారు కట్టేసి వస్తూ వెలుతురు చూసి ఆగాడు. వేలితో సమాధి మీద గీసి చూశాడు.

"ఏం సున్నం వేశావమ్మా?"

"ఇంట్లో మూలనున్న సంచిలోది. ఆయన తెచ్చిందే."

"సున్నమా నా తల్లీ! అది కొలిమి పొడి. మంచు తగిలితే చాలు, చెమ్మ పీల్చుకుని నీరు కారుద్ది. సంచి మూతి బిగించకపోతే మేస్త్రీ మమ్మల్ని తిట్టిపోసేవాడు."

మహిమ అరచెయ్యి కొంగుకి తుడుచుకుంది.

"అయితే... ఆయన ఏడవట్లేదా?"

"లేదమ్మా."

తెల్లారి మాబు సమాధి కడిగించి, అసలు సున్నం వేయించాడు. ఆ రాత్రి మహిమ వెళ్లి కూర్చుంది. సమాధి పొడిగా ఉంది. ఎంత పిలిచినా పొడిగానే ఉంది.

కథ అక్కడితో అయిపోవాలి. కానీ మంచు కురిసిన రాత్రి ఆ సమాధి ఇప్పటికీ ఏడుస్తూనే ఉందట... మాబు చెప్పిందంతా అబద్ధమేనంటోంది ఊరు.

మహిమ అరచేతుల్లో పుండ్లు మానడం లేదు. ఇంటి మూల కొలిమి పొడి సంచి... సగమైంది.