పస్తు పెట్టిన కోడలు

పొద్దున్నే అంబుజం మిరియాల గంజి కాచి, పైన ఇంత నెయ్యి పోసి, గిన్నె పట్టుకుని ఉప్పళంలోని ఇంటి నుంచి ఆసుపత్రికి బయలుదేరింది. రేవులో వేరుశనగ బస్తాలు తూచే కొడుకు లోకనాథన్ కడుపునొప్పితో పడిపోయి మూడు రోజులుగా ఆ ఆసుపత్రిలోనే ఉన్నాడు. నోట్లోకి మెతుకు కాదు కదా, నీటిచుక్క కూడా పోనివ్వకూడదని ఫ్రెంచి డాక్టరు గట్టిగా చెప్పాడు. తొడల్లో సూదులు గుచ్చి ఉప్పునీళ్లు ఎక్కిస్తున్నారు. నొప్పికి మార్ఫియా ఇస్తున్నారు. కడుపు మాడ్చి చేసే వైద్యమేమిటో, ఆ దొరకు బుద్ధుందో లేదోనని అంబుజం దారంతా గొణుక్కుంది. దొర మొహాన అనే ధైర్యం లేదు కాబట్టి కోడలు దొరికింది.

వార్డు గుమ్మంలో కోడలు కనకం అడ్డం నిలబడింది. కడుపులో ఒక గ్రంథి వాచిందనీ, తిండి పడితే అది రసం ఊరుస్తుందనీ, ఆ రసమే లోపలి కండను తినేస్తుందనీ కాంపౌండరు చెప్పిన మాటలన్నీ అప్పజెప్పింది. అంబుజం వింటే కదా!

"నా బిడ్డని మాడ్చి సంపేదానికేనా నిన్ను తెచ్చుకొనింది? నువ్వు మాత్రం కడుపు నిండా తిని నిలబడుండావు," అంది, నలుగురూ వినేలా.

కనకం గోడ పట్టుకుని, అలాగే జారి కూలబడింది. పక్క మంచం రోగికి తోడున్న మణియమ్మ పరుగున వచ్చింది. ఈ పిల్ల వచ్చినప్పటి నుంచి మెతుకు ముట్టలేదనీ, తను ఇడ్లీ పెట్టినా వద్దందనీ అంబుజాన్ని కసిరింది.

"ఏందే ఇది?" అంది అంబుజం.

"మొగుడు తినకుండా తినొద్దని మీరే కదత్తా చెప్పింది, పెండ్లయిన మర్నాడు."

నిజమే, తనే చెప్పింది. తన కోడలు అలాంటిదని ఊరంతా చెప్పుకుని మురిసింది కూడా. అంబుజం కోడలి తల ఒళ్లో పెట్టుకుని, గంజి గిన్నె నోటికందించింది.

"ఆ మాట గాలికి పోనీ. తాగు. పస్తు వాడికి మందు, నీకు కాదు."

గంజి తాగి కనకం వరండాలోనే నిద్రపోయింది. అంబుజం కొడుకు పక్కన కూర్చుంది. వాడు కళ్లు తెరిచి, పెళ్లాం ఇవ్వడం లేదు, నువ్వైనా ఒక్క గుక్క నీళ్లియ్యమ్మా అని బతిమాలాడు. పుట్టినప్పటి నుంచి వాడడిగింది ఆమె కాదన్నది లేదు. చెంబు చేతికందే దూరంలోనే ఉంది.

"ల్యేదు నాయినా," అంది. తడిగుడ్డతో పెదవులు తుడిచింది. వాడు మొహం తిప్పేసుకున్నాడు. అంబుజం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇన్ని రోజులూ ఈ చిన్నపిల్ల ఒక్కతే ఎలా కాదంటూ వచ్చిందో తల్లికి అప్పుడు తెలిసింది.

సాయంత్రం డాక్టరు పొట్ట నొక్కి చూసి, గండం గడిచింది, రేపు చెంచాతో నీళ్లు పట్టొచ్చన్నాడు. కనకం చేతులెత్తి దండం పెట్టి, ఆ చెంచా మీరే పట్టండత్తా అంది.

"నేను కాదు. ఇన్నాళ్లూ లేదన్న చెయ్యే ముందు పట్టాల," అంది అంబుజం.

కనకం అత్త భుజం మీద తల పెట్టి, అన్నాళ్లుగా ఆపుకున్న ఏడుపంతా ఏడ్చేసింది.