బ్రేకు మీద కాలు

ఆ షెడ్డులో బండి ముందు మనిషి నిలబడకూడదు. ఆ వీధిలో ఎవర్నడిగినా ఈ మాటే చెప్తారు. ఎందుకు అంటే మాత్రం చెప్పరు. పక్కకి తిరిగి పని చూసుకుంటారు.

మాకు చెప్పింది పంక్చర్లు వేసే తాత. దారి అడుగుదామని ఆగాం.

"ఆ పాత కారు కోసమేనా?" అన్నాడు, ట్యూబుని నీళ్లతొట్టిలో ముంచుతూ. తలెత్తలేదు. "చూడండి. చూసి పొండి. దాని ముందు మాత్రం నిలబడకు బాబూ. ఒక కుర్రాడు పోయాడక్కడ."

"ఎలా పోయాడు?" అన్నాను.

"బండి కదిలింది."

"దానంతటదేనా?"

తాత ట్యూబుని తిప్పి మళ్లీ నీళ్లలో ముంచాడు.

మావాడు నవ్వాడు. "కదిలితే మంచిదేగా తాతా! నేను కొన్న పాతబళ్లు ఒక్కటీ తోయందే కదల్లేదు."

వాడంతే. పాత కార్లు కొంటాడు, బాగుచేస్తాడు, అమ్ముతాడు. అదే వాడి బతుకుతెరువు. కానీ ఈ కారు అమ్మడానికి కాదు, ఉంచుకోవడానికి. గుండ్రటి లైట్లు, ఉబ్బిన బుగ్గల్లాంటి మడ్‌గార్డులు. ఫోటో చూసిన రోజు నుంచి వాడికి అదే ధ్యాస. బయల్దేరేముందు అద్దంలో చూసుకుని తల దువ్వుకుంటుంటే, "ఎవర్ని చూడ్డానికిరా ఈ సోకు?" అన్నాను.

"కారునేనమ్మా. అది కూడా నన్ను చూస్తుందిగా."

తోడొస్తానన్న స్నేహితుడు చివరి నిమిషంలో ఎగ్గొట్టాడు. బ్రేకులు చూడాలంటే ఇద్దరుండాలట. ఒకరు లోపల కూర్చుని తొక్కాలి, ఒకరు చక్రాల దగ్గర కూర్చుని చూడాలి. "నీ కాలొక్కటి అరువివ్వమ్మా, చాలు" అన్నాడు.

ఇచ్చాను.

షెడ్డు వీధి చివర ఉంది. ఒకప్పుడు అక్కడ లారీలు కడిగేవారట. నీళ్లు పోవాలని నేలంతా వెనకగోడ వైపు వాలుగా పోశారు. ఆ వాలులో, ముక్కు గోడవైపు పెట్టి నిలబడి ఉంది కారు. పైన ఒక్కటే బల్బు.

తలుపు తీసిన పెద్దావిడ రమ్మనలేదు. పొమ్మననూ లేదు. దొంగల్ని చూసినట్టు చూసి పక్కకి జరిగింది.

చీకట్లో కారు చూడకూడదని అందరికీ చెప్పేది మావాడే. దీపం వెలుగులో ఏ పెయింటైనా బాగానే కనపడుతుందట. కానీ చీకటిపడ్డాకే రావాలని పెద్దావిడ పట్టుపట్టింది.

"పగలు చూపిస్తే ఏం పోయేది పెద్దమ్మగారూ? ఇంత చీకట్లో పెయింటు ఎలా చూడాలి?"

"కళ్లతో" అందావిడ.

కారు ఎడమవైపంతా ముదురాకుపచ్చ. మొహం చూసుకోవచ్చు, అంత మెరుపు. కుడివైపు ఇంకా ఎర్రటి ప్రైమరే… తోలు ఒలిచినట్టుంది. ముందు అద్దం బిగించలేదు. చుట్టూ రబ్బరు వేలాడుతోంది. సీటుకి స్ప్రింగులే మిగిలాయి, మీద గోనెసంచి పరిచారు. గేర్‌బాక్సు విప్పి మూల పెట్టారు. హ్యాండ్‌బ్రేకుకి కేబులే లేదు. ముందు చక్రం కింద ఒక రాయి. బండిని ఆపుతున్నది అదొక్కటే.

మావాడు జేబురుమాలులో చుట్టిన అయస్కాంతం తీసి తలుపు మీద పాకించాడు. అంటుకుంటే లోపల రేకున్నట్టు, జారితే పుట్టీ మెత్తినట్టు. కింది అంచు దగ్గర జారింది.

"ఇక్కడ రేకు తుప్పుపట్టి పోయింది. పుట్టీతో పూడ్చారు."

"మనుషుల్ని కూడా ఇలాగే తడిమి చూస్తావా నువ్వు?"

"నేను మనుషుల్ని కొనడానికి రాలేదండీ."

"కొంటే కొను. లేకపోతే నడు. నీతులు చెప్పకు."

వాడి చొక్కా పట్టుకుని పక్కకి లాగాను. "ఒరేయ్, పోదాం పద. ఆవిడ చూపు నాకు నచ్చలేదు."

"చూపుతో మనకేం పనమ్మా? కింద ఫ్రేము చూడు, ఎంత బాగుందో!"

కారు లోపల కాళ్లకింది రేకుని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాడు. దిగలేదు. వాడి కళ్లు మెరిశాయి. ఆ మెరుపు చూసి నాకు నీరసం వచ్చింది. ఇంక కొనేస్తాడు. బ్రహ్మదేవుడు దిగొచ్చినా ఆపలేడు.

"బ్రేకులు?" అన్నాడు.

పెద్దావిడ మొహంలో మొదటిసారి ఏదో కదిలింది.

"కొత్తవి. చూసుకో. లోపల ఎవరు కూర్చుంటారు?"

"మా అమ్మ."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. దగ్గరికొచ్చింది.

"కన్నతల్లివేనా?"

"అదేం ప్రశ్నండీ?"

"కూర్చో అయితే. తల్లి కాలు జారదంటారు."

ఆ మాట మామూలుగానే అంది. కానీ వింటుంటే అన్నంలో రాయి పంటికింద పడ్డట్టయింది.

ఎక్కి తలుపు లాగాను. వేలు నలిగింది. స్ప్రింగు వెన్నులో గుచ్చుకుంది. నేను లోపలుండటం ఆ కారుకి ఇష్టం లేదేమో అనిపించింది… కాదు. దిగడమే ఇష్టం లేనట్టుంది.

మావాడు వెనక చక్రం దగ్గర కూర్చున్నాడు. నాకు కనపడడు. గొంతొక్కటే.

"తొక్కు."

తొక్కాను.

"వదులు."

వదిలాను.

"తొక్కు… ఉంచు… ఉంచు… వదులు."

ఒకవైపు అయ్యాక రెండోవైపు. తొక్కు, వదులు. తొక్కు, వదులు. కాసేపటికి అలవాటైపోయింది. కాలు నన్ను అడగడం మానేసింది. వాడి మాటే వింటోంది.

"వెనకవి బాగున్నాయమ్మా. ఆయిలు కారడం లేదు. ఇంక ముందువి."

వాడు లేచి ముందుకెళ్లాడు. కారుకీ గోడకీ మధ్యకి.

"ఒరేయ్! తాత ఏం చెప్పాడు?"

"రాయుంది, నీ కాలుంది. ఇంకేం కావాలి? పనిలో పని, బంపర్ వెనక ఫ్రేము మీద కొట్టిన నంబరు కూడా చూసేస్తా. గట్టిగా తొక్కిపెట్టు."

చిన్న టార్చిని పళ్లతో కరిచిపట్టుకున్నాడు. రెండు చేతులా గుడ్డ పట్టుకుని, గ్రీజు తుడవడానికి వంగాడు. బానెట్ వెనక మాయమయ్యాడు. గోడమీద టార్చి వెలుగు మాత్రం చిన్నగా ఊగుతోంది.

పెద్దావిడ ఎక్కడుందో చూడలేదు. చూడాల్సింది.

బల్బు ఆరిపోయింది.

"కరెంటు పోయిందిరా…" అన్నాను.

"వదులు."

వదిలాను.

ఆలోచించలేదు. కాలు అలవాటుపడింది, అంతే.

కారు కదిలింది.

గోడవైపు నుంచి ఒక మూలుగు… రెండు కాళ్లతోనూ తొక్కేశాను. ఆగింది.

"ఒరేయ్! నాన్నా! ఏమైందిరా?"

"వదులమ్మా…"

వాడి గొంతే. చిన్నప్పుడు జ్వరమొస్తే ఎలా పిలిచేవాడో, అలా.

"మోకాళ్లు నలిగిపోతున్నాయమ్మా… వదిలితే వెనక్కెళ్తుంది… వదులు…"

వాలు ఎటువైపుందో నాకు గుర్తు రాలేదు. బిడ్డ నొప్పి అంటున్నాడు. అదొక్కటే తెలుసు. కాలు లేవబోయింది…

బానెట్ అవతల వెలుతురు లేచింది.

మావాడు. రెండు అరచేతులూ బానెట్‌కి ఆనించి, బండిని తోస్తున్నాడు. కళ్లు నా మీదే ఉన్నాయి. తల అడ్డంగా ఊపుతున్నాడు — వద్దు, వద్దు అని.

"వదులమ్మా…" అంది గొంతు.

వాడి నోట్లో టార్చి ఉంది.

పళ్లమధ్య బిగించి ఉంది. పెదాలు కదలట్లేదు.

"వదులు. చచ్చిపోతున్నాను. వదులు."

గొంతు ముందునుంచి రావడం లేదు. నా పక్కనుంచి వస్తోంది. ఖాళీ సీటు వైపు నుంచి… చెవి పక్కనే.

తొక్కిపెట్టాను. పెడల్ కిందనుంచి ఎవరో అరికాలిని పైకి తోస్తున్నట్టుంది. స్టీరింగ్ పట్టుకుని ఒళ్లంతా కాలిమీద వేశాను. గొంతు మారింది. బతిమాలడం ఆపి తిట్టడం మొదలుపెట్టింది. మావాడు పుట్టి బుద్ధెరిగాక నన్ను ఒక్క మాట అనలేదు. వాడి గొంతుతోనే ఆ తిట్లన్నీ విన్నాను. కాలు తీయలేదు.

వాడు కొంచెం కొంచెంగా పక్కకి జరిగాడు. ఒక కాలు లాక్కున్నాడు. రెండోది లాక్కున్నాడు. బయటపడి నేలమీద కూలబడ్డాడు.

గొంతు ఆగిపోయింది.

బల్బు వెలిగింది.

పెద్దావిడ నా కిటికీ పక్కనే ఉంది. చెయ్యి స్తంభానికున్న స్విచ్చు మీద ఉంది. రాయి ఆవిడ కాళ్ల దగ్గర పడుంది.

కరెంటు పోలేదు.

"ఏమంది?" అంది గుసగుసగా, లోపలికి వంగి. "వదులు అంది కదూ? నీ కొడుకు గొంతే కదూ?"

తలూపాను.

ఆవిడ స్తంభం పట్టుకుని అలాగే కిందకి జారిపోయింది.

"నేను చెప్పలేదూ… నేను చెప్పలేదూ! వాడే వదలమన్నాడని ఎంతమంది కాళ్లు పట్టుకుని చెప్పాను! కన్నకొడుకుని గోడకేసి చంపిందన్నారు. నా కోడలు మొహాన ఉమ్మేసి పోయింది. ఒక్కళ్లు… ఒక్కళ్లు నమ్మలేదు."

అప్పుడర్థమైంది, పోయిన కుర్రాడెవరో. ఆ రోజు ఈ గోనెసంచి మీద కూర్చున్నదెవరో.

"చాలామంది వచ్చారు చూడ్డానికి" అంది ఆవిడ. "తమ్ముళ్లని తెచ్చుకున్నారు, స్నేహితుల్ని తెచ్చుకున్నారు. రాయి తీసి చూశాను. దీపం ఆర్పి చూశాను. వాళ్లెవరికీ వినపడలేదు. తల్లి అయితే వినపడుతుందేమో అనుకున్నాను."

నా మాటలోంచి 'మీరు' ఎప్పుడు పోయిందో తెలియదు. "నా కొడుకుని నిలబెట్టి చూశావా నువ్వు?" అన్నాను.

"ఎవరో ఒకరి కొడుకు నిలబడాలిగా."

కళ్లు తుడుచుకుంటూనే అంది. సిగ్గులేదు ఆ మొహంలో. ఏళ్ల తర్వాత కడుపునిండా తిన్న మనిషి మొహంలా ఉంది.

"చెప్పు అమ్మాయ్. బయటికెళ్లి అందరికీ చెప్పు. నువ్వు విన్నావుగా."

మావాడు కుంటుతూ వచ్చి రాయిని చక్రం కిందకి తోశాడు. కాలితో తన్ని గట్టిచేశాడు.

"అయిపోయిందమ్మా. ఇంక వదులు."

నేను వదల్లేదు.

"అమ్మా… రాయి పెట్టాను. కాలు తియ్యి."

"ఇటు రా" అన్నాను. "నాకు ఎదురుగా వచ్చి అను."

వచ్చాడు. తలుపు తీసి, కింద కూర్చుని, రెండు చేతులతో నా మోకాలు పట్టుకున్నాడు. "వదులమ్మా" అన్నాడు. పెదాలు కదిలాయి. కళ్లారా చూశాను.

అప్పుడు తీశాను.

తనకేమీ వినపడలేదన్నాడు దారిలో. దవడ బిగుసుకుపోయిందట, అరుద్దామంటే నోరు తెరుచుకోలేదట.

ఆవిడ మీద నాకు జాలి రాలేదు. ఇప్పటికీ రాదు. మళ్లీ కనపడితే జుట్టు పట్టుకుంటానేమో కూడా. కానీ ఆవిడ అబద్ధం చెప్పలేదు. అడిగినవాళ్లకి ఆ మాట చెప్తున్నాను.

మావాడి మోకాళ్లు బాగుపడ్డాయి. ఇప్పుడు వాడు పక్కగదిలోంచి "అమ్మా" అని పిలిస్తే నేను పలకను. ఎన్నిసార్లు పిలిచినా పలకను. లేచి వెళ్లి, గుమ్మంలో నిలబడి, వాడు మళ్లీ పిలిచేదాకా వాడి నోటివంకే చూస్తాను.

అప్పుడు "ఏంట్రా?" అంటాను.