ఎలగందుల బాటలో నాలుగో నంబరు సైకిల్

కరీంనగర్‌లో దుకాణం తెరిచిన నాడు లింగమూర్తి చేతిలో ఉన్నవి ఆరు పాత సైకిళ్ళు, ఒక గాలిపంపు, ఇంకెవరికీ తట్టని ఒక ఆలోచన. సైకిళ్ళు అందరూ కిరాయికి ఇస్తారు. లింగమూర్తి సైకిల్‌తో పాటు దారిని కూడా ఇచ్చాడు. కరీంనగర్‌కు ఇంత పేరు రాకముందు ఈ సీమకు గద్దె ఎలగందుల. అక్కడి కొండకోటనూ, మినార్లనూ, పాడుబడ్డ వీధులనూ చూపించడానికి ఆదివారం ఆదివారం ఒక జట్టును పంపేవాడు. ముందు సైకిల్ మీద ఏలియా. చర్చిలో ప్రార్థన ముగించుకొని ఆయన వచ్చేదాకా జట్టు కదిలేది కాదు. కోటలో ప్రతి బురుజుకూ ఆయన దగ్గర ఒక కథ ఉండేది. నాలుగేళ్ళలో కొత్త సైకిల్ ఒక్కటీ చేరలేదు కానీ, 'లింగమూర్తి సైకిల్ దారిలో ఆగదు' అన్న పేరు మాత్రం చేరింది. వ్యాపారికి అంతకంటే ఏం కావాలి?

1959 జనవరిలో ఒక సోమవారం పొద్దున ఆ పేరు కాస్తా వీధిన పడ్డది. లింగమూర్తి కండువా కూడా మరిచిపోయి దేవదాస్ ఇంటికి ఉరికాడు.

దేవదాస్ నిజాం కాలంలో పోలీసు. రాజ్యం మారినప్పుడు నౌకరీ వదిలేసి, పోయిన పశువులనూ పారిపోయిన పెళ్ళికొడుకులనూ వెతికిపెడుతూ బతుకుతున్నాడు. ఆయనకు సొంత సైకిల్ లేదు. లింగమూర్తి సైకిలే తొక్కేవాడు, కిరాయి ఇచ్చేవాడు కాదు. దానికి బదులు ప్రతి కేసులోనూ లింగమూర్తిని వెంట తిప్పుకునేవాడు. ఈ బేరంలో తనకే లాభమని లింగమూర్తి గట్టి నమ్మకం.

"సాబ్, మునిగిన! ఏలియాకు బేడీలు ఏస్తరట!"

"జర కూసో సేటు. నీళ్ళు తాగి మొదటికెళ్ళి చెప్పు."

జరిగింది ఇది. నిన్నటి జట్టులో ఏలియా కాక నలుగురు. రోడ్ల కాంట్రాక్టరు కైలాసం, మెట్‌పల్లి బడిపంతులు రాయమల్లు, ఆసిఫాబాద్ అడవి కచేరీలో పనిచేసే అబ్రహాం, షోలాపూర్ మిల్లులో ఫిట్టర్ ముత్యం. కోట చూసి దిగి, మళ్ళీ సైకిళ్ళు ఎక్కారు. ముందున్న పల్లంలో కైలాసం తొక్కుతున్న నాలుగో నంబరు సైకిల్‌కు బ్రేకు పడలేదు. రాళ్ళ మీద పడి ఆయన చెయ్యి విరిగింది. చూస్తే వెనుకా ముందూ బ్రేకు రబ్బర్లు లేవు. పానా పెట్టి ఎవరో విప్పేశారు. ఆ పానా ఏలియా సంచీలోది.

"ఏలియాకు, కైలాసానికి ఏమన్న లొల్లి అయ్యిందా?"

"అయ్యిందట సాబ్. గదే కద నా కర్మ!"

దేవదాస్ ఏలియాను పిలిపించాడు. నెత్తి వంచుకొని వచ్చాడు ఏలియా.

"లొల్లి ఎందుకైంది?"

"కోట ఎక్కక ముందు చింతచెట్టు కింద సద్ది తిన్నం సాబ్. కైలాసం సారు ఎన్కట ఏదో ఊరి గడిల, అదే దొర బంగ్లల, పెత్తనం చేసిన కారిందా అట. దొర గడి ముందర సైకిలెక్కి పోయినందుకు ఒకణ్ణి పట్టుకొని, ఆ సైకిల్ ఆని నెత్తినే పెట్టి ఊరంత తిప్పిచ్చి, ఆఖరికి సైకిల్‌ను బాయిల పడేయించిండట. చెప్పుకుంట పొట్ట పట్టుకొని నవ్విండు. నేను 'పాపం గదా సారూ' అన్న. 'నీ అసొంటోళ్ళకు నెత్తికెక్కింది' అని తిట్టిండు."

"కడమ ముగ్గురు?"

"పంతులు నవ్వీ నవ్వనట్టు నవ్విండు. అబ్రహాం తింటనే ఉన్నడు. షోలాపూర్ పిలగాడు చెయ్యి కడుక్కుంట అని లేచిండు."

"సైకిళ్ళ కాడ ఎవరున్నరు?"

"ఎవ్వరు లేరు. అందరం కోట ఎక్కినం. నడుమల మోకాళ్ళ నొప్పని పంతులు కూసున్నడు. అబ్రహాం మినార్లు చూస్తనని పోయిండు. ముత్యం నీళ్ళ కోసం దిగిండు."

"పోయేటప్పుడు బాటల ఏమన్న అయ్యిందా?"

"ఏం కాలే సాబ్. బూరుగుపల్లె దాటంగ ముత్యం సైకిల్ చైను పడ్డది. ఆయనే ఎక్కించుకున్నడు."

లింగమూర్తికి చర్రుమని కోపం వచ్చింది. "నా సైకిల్ చైను పడుడా? నిన్న పొద్దుగాల్నే నేనే బిగించిన!"

"నీ సైకిల్‌కు దిష్టి తాకింది తియ్యి సేటు" అని దేవదాస్ నవ్వాడు. ఆ నవ్వు ఎందుకో లింగమూర్తికి అర్థం కాలేదు.

ఆ రాత్రి లింగమూర్తి మనసులోనే లెక్క వేసుకున్నాడు. ముగ్గురూ ఒంటరిగా ఉన్నారు, ముగ్గురికీ సందు దొరికింది. ముగ్గురిలో ఒక్కడికీ కారణం లేదు. కారణం ఉన్నవాడు ఏలియా ఒక్కడే. ఏలియా చీమను కూడా తొక్కడు. ఎటు నుంచి కూడినా లెక్క సరిపోయేది, ఎటు నుంచి చూసినా తప్పుగానే కనపడేది.

దేవదాస్ ఠాణాకు వెళ్ళి జమేదారును వచ్చే ఆదివారం దాకా ఆపాడు. ఎవరినీ ఊరు విడవవద్దన్నాడు. "అదే జట్టు, అదే బాట, మళ్ళ ఒకసారి పోదాం. కాకపోతే సేటు, పోయినసారి ఎవరికి ఏ సైకిల్ ఇచ్చినవో ఈసారి అది ఇయ్యకు."

"ఎందుకు సాబ్?"

"కిరాయి కట్టని మనిషిని గిన్ని ప్రశ్నలు అడుగుతరా?"

ఆదివారం ఆరు సైకిళ్ళూ బయలుదేరాయి. ముందు ఏలియా, తర్వాత రాయమల్లు, అబ్రహాం, ముత్యం. వెనుక లింగమూర్తి, దేవదాస్. చెయ్యి మెడకు కట్టుకున్న కైలాసం, జమేదారు ఎడ్లబండిలో వచ్చారు. ఏలియాకు బేడీలు పడటం కళ్ళారా చూడాలని కైలాసం కోరిక.

ముత్యం తక్కువ మాట్లాడే మనిషి. లింగమూర్తి పలకరిస్తే, "షోలాపూర్ల ఉంట సేటు. ఇటు దిక్కు రావుడు ఇదే మొదలు" అన్నాడు.

బూరుగుపల్లె దాటింది. బాట పక్కన ఒక మట్టిదిబ్బ, దాని మీద తంగేడు పొదలు, నాలుగు మేకలు. చూడదగ్గది ఏమీ లేదు. ఏలియా ఆగకుండా పోయాడు. పంతులూ అబ్రహామూ పోయారు. ముత్యం మాత్రం టక్కున దిగాడు. వంగాడు. చెయ్యి చెప్పుల దాకా పోయి, ఉలిక్కిపడ్డట్టు చైను మీదికి మళ్ళింది.

"చైను పడ్డది" అన్నాడు ముత్యం, తల ఎత్తకుండా.

లింగమూర్తి తల కొట్టుకున్నాడు. పేరు మళ్ళీ పోయింది! పొద్దునే అన్ని చైన్లకూ నల్లగా నూనె పట్టించి, గుంజి మరీ చూశాడు. దేవదాస్ ఆ గోడు వినలేదు. మేకలు కాస్తున్న ముసలి లింగవ్వ దగ్గర ఆగి ఏదో అడిగి వచ్చాడు.

చింతచెట్టు కింద సద్దులు విప్పారు. ముత్యం జొన్నరొట్టె విరిచాడు. తెల్లటి రొట్టె తెల్లగానే ఉంది. దేవదాస్ ఆ రొట్టెనే చూస్తున్నాడు.

అందరూ తింటుండగానే మాట మొదలుపెట్టాడు.

"జమేదార్ సాబ్, బేడీలు జర పక్కకు పెట్టుండ్రి. ఏలియా పానాతోని ఎవరైన విప్పొచ్చు. సంచీ సైకిల్‌కే ఏలాడుతుండె. నేను వెతికింది ఒక్కటే. పోయిన ఆదివారం ఒక సైకిల్ చైను పడ్డది. ఈ ఆదివారం ఇంకో సైకిల్ చైను పడ్డది. సైకిల్ మారింది, మనిషి మారలే, జాగ మారలే. సేటు, పడ్డ చైను ఎక్కిస్తే చేతులు ఎట్లుంటయి?"

"బొగ్గు తీరుంటయి సాబ్."

"ముత్యం రొట్టె చూడుండ్రి."

ముత్యం రొట్టె కింద పెట్టాడు.

"చైను పడలే. మనిషి దిగిండు. ఎందుకు? అక్కడ ఏముండెనో లింగవ్వ చెప్పింది. గిప్పుడు దిబ్బ, గప్పుడు దొర గడి. దాని ముందర సైకిలెక్కి పోవద్దు. దిగి, చెప్పులు చేతవట్టుకొని, గోడ దాటెదాకా నడవాలె. దొర పట్నం పోయిండు, గోడ కూలింది. ఇప్పుడు అక్కడ దిగేటోడు లేడు. కాని చిన్నప్పుడు దెబ్బలతోని నేర్చిన కాళ్ళు మరవవు. ఇటు దిక్కు ఎన్నడూ రాని షోలాపూర్ మనిషి కాళ్ళకు ఆ గోడ ఎట్ల తెలుసు?"

ముత్యం మసి అంటని తన అరచేతులను చూసుకుంటూ నోరు విప్పాడు.

"ఆ సైకిల్ మా బాపుది. ఊళ్ళె మొదటి సైకిల్. నెత్తిన సైకిల్‌తోని మా ఇంటి ముందర నుంచే తిప్పిన్రు. అదే రాత్రి ఊరు ఇడిశినం. మల్ల బాపు సైకిల్ ముట్టలే, అట్లనే సచ్చిపోయిండు." ముక్కు చీదుకున్నాడు. "నేను ఎవల్ని కొట్టనీకి రాలే. ఆ గోడ ముందర ఒక్కసారి తొక్కుకుంట పోదామని వచ్చిన. పోలేకపోయిన, కాళ్ళే దిగినయి. గా మంటల ఉంటే, గీయన నవ్వబట్టె. చెయ్యి విరగాలని కాదు, మూతి మట్టిల పడాలని. ఏలియన్న, నీ మీదికి వస్తదనుకోలే. వచ్చినంక చెప్ప ధైర్యం చాలలే. తప్పు నాదే."

కైలాసం బండి మీద నుంచే అరిచాడు. "ఏసుండ్రి లోపల! దొర చెప్పింది చేసిన, నాదేం తప్పు?"

ఇక్కడ లింగమూర్తికి తన బేరాల విద్య గుర్తొచ్చింది. బండి దగ్గరికి పోయి మెల్లగా అన్నాడు. "కేసు నడిస్తే కోర్టుల కారణం చెప్పాలె సారూ. బాయిల పడ్డ సైకిల్ కథ జిల్లా అంత తిరుగుతది. మీ రోడ్ల మీద రాళ్ళు కొట్టేటోళ్ళంత ఇసొంటి ఊళ్ళోళ్ళే. రేపు పనికి వస్తరా? మీరే ఆలోచించుండ్రి."

కైలాసం తాము వచ్చిన బాట దిక్కు చూశాడు. తర్వాత తన కట్టు దిక్కు చూసుకున్నాడు. "పడుడు నా కర్మ. ఫిర్యాదు ఏం లేదు జమేదార్ సాబ్" అన్నాడు పళ్ళు కొరుకుతూ.

ఏలియా ముత్యం భుజం మీద చెయ్యి వేశాడు. మొఖం మాత్రం పక్కకు తిప్పుకున్నాడు. ఆ క్షమ అప్పటికి సగమే.

తిరుగు ప్రయాణంలో లింగమూర్తి కొత్త రబ్బర్లు వేసిన నాలుగో నంబరును ముత్యానికి ఇచ్చాడు. దిబ్బ దగ్గరపడే కొద్దీ ముత్యం తొక్కుడు నెమ్మదించింది. ఒక కాలు నేలకు జారబోయింది. ముందున్న ఏలియా వెనక్కి తిరగకుండానే గంట కొట్టాడు. పంతులు కొట్టాడు, అబ్రహాం కొట్టాడు. లింగవ్వ మేకలు బెదిరి చెల్లాచెదురయ్యాయి. "ఎవడురా గా గంటలు!" అని ముసలమ్మ తిట్టింది.

దుకాణం మూసేటప్పుడు లింగమూర్తి ఆనాటి లెక్క తేల్చుకున్నాడు. పోయినవి రెండు జతల రబ్బర్లు, ఒక కాంట్రాక్టరు దోస్తీ. నిలిచినవాడు ఏలియా. ఇక వచ్చిందంటావా, దొర గడి ముందు నుంచి ఆరు సైకిళ్ళు పోయాయి, ఒక్కటీ ఆగలేదు.