ఒరిగిన గుర్తు

సాయంత్రం 4.50. నరసరావుపేట నాటక పోటీల హాల్లో నాలుగింటి నుంచి జెండా కనబడడం లేదు. మామూలు జెండా కాదు. 1938 నాటి బెర్లిన్ కవాతు సీను కోసం ఎర్రగుడ్డ మీద నల్ల స్వస్తిక్ కుట్టించిన నాజీ జెండా. నాటకం ఆరున్నరకు.

ఎస్సై ఉషకు కాలు ఒకచోట నిలవడం లేదు. డైరెక్టర్ ధనుంజయరావేమో ఆనంద్ బాబే దొంగ, లోపలెయ్యండి అని ఒకటే గోల. ఆనంద్ బాబు కాంట్రాక్టు హిస్టరీ లెక్చరర్. ఆ సీను తీసెయ్యకపోతే జెండా తగలబెడతానని పొద్దున రిహార్సల్లో అందరి ముందూ అన్నాడు. ఎఫ్ఐఆర్ పడిందా, ఉద్యోగం ఊడినట్టే.

"నాలుగింటికి ఎక్కడున్నావు?"

"బయట టీ కొట్టు దగ్గర."

"సాక్షి?"

"ఎవరూ లేరు మేడం."

"తగలబెడతానన్నావా?"

"అన్నాను. తియ్యలేదు."

ఏం మనిషో! తనను కాపాడుకోవడానికైనా ఒక అబద్ధం ఆడడం రాదు. ఉషకు ఒళ్ళు మండింది, జాలీ వేసింది.

గ్రీన్ రూమ్ మళ్ళీ గాలించింది. బెంచీ కింద నల్లదారం ముక్కలు. చెత్తేనని కానిస్టేబుల్ కిరణ్ కాలితో నెట్టబోయాడు. ఉష ఒకటి తీసి వెలుతురుకు పట్టింది. దారమంతా మెలికలు. ఇక్కడ సూదీ దారం ఎవరి దగ్గరుంటాయని అడిగింది. హాలు ఊడ్చే పిచ్చమ్మ దగ్గర అన్నారు.

5.20. ఉష అందర్నీ వెనక వరండాలోకి నడిపించింది. పిచ్చమ్మ ఒళ్ళో జెండా, చేతిలో సూది. మొహంలో బెరుకే లేదు.

"కొత్త దారానికి మెలికలుండవు. కుట్టు విప్పిన దారానికే ఉంటాయి," అంది ఉష. "తగలబెట్టేవాడికి కుట్లు విప్పే ఓపిక ఎక్కడిది ధనుంజయరావు గారూ?"

ఇంత గొడవవుతుంటే చెప్పవేమని ఆయన పిచ్చమ్మ మీద విరుచుకుపడ్డాడు. స్టేజీ సామాన్లను నాటకాల వాళ్ళు ప్రాపర్టీ అంటారు. ప్రాపర్టీ పోయిందని ఆయన అరుస్తుంటే, పొలమేదో పోయింది కాబోలు పాపం అనుకుందట ఆవిడ.

"ఎందుకు విప్పావు పిన్నీ?" అంది ఉష.

"దేవుడి గుర్తు ఒరిగిపోయి ఉందమ్మా. అశుభం గదా. తిన్నగా కుడుతున్నా."

నాలుగు గళ్ళలో నాలుగు పసుపు చుక్కలు కూడా పెట్టింది.

"దేవుడిదని ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? పొద్దున చూశాగా. మేళాలు, పూలు, చానామంది చేతులెత్తి నిలబడ్డారు. నేనూ మొక్కా."

ఎవరూ నవ్వలేదు. ఆ సీను చూసినవాళ్ళకు మొక్కాలనిపిస్తుందనే తాను పొద్దుట్నుంచి మొత్తుకున్నానని ఆనంద్ బాబు మెల్లగా అన్నాడు. ధనుంజయరావు కంప్లయింట్ వెనక్కి అడిగి తీసుకుని చించేశాడు.

"ఇంతకీ ఏ దేవుడమ్మా?" అంది పిచ్చమ్మ.

ఉష ఆవిడ పక్కనే కూర్చుంది. "దేవుడు కాదు పిన్నీ. మనిషే. ఆ జనం కూడా నీలాగే మొక్కారు. మరుసటేడు వాళ్ళ బిడ్డల్నే యుద్ధానికి తోలాడు."

పిచ్చమ్మ సూది కింద పెట్టింది. రెండు చేతులూ కొంగుకు తుడుచుకుంది.