నూనె మింగిన చప్పుడు

కంబమందు వెలసి కాపాడి శిశువును
మాట నిలిపినట్టి మౌనివరద!
చిన్న పెదవులందు చిక్కిన నిజమును
పలుకజేయుమయ్య పరమపురుష!

ప్రహ్లాదుడనే పసివాడి మాట నిజం చేయడానికి స్తంభాన్ని చీల్చుకుని వచ్చిన ఆ నరసింహస్వామికి నమస్కరించి, పాతబస్తీ మొఘల్‌పురాలో జరిగిన ఒక చిన్న కథ చెబుతున్నాను. అవి డెబ్భైల నాటి రోజులు. పిల్లలూ, చెవి ఒగ్గి వినండి. ఈ కథలో చెవికి చాలా పని ఉంది.

"కిర్ర్ర్... టక్!"

గల్లీ మలుపులోని గతుకు మీద కారు మళ్లీ మూలిగింది.

వెనుక సీటులో పదేళ్ల గోదా బడిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కన ఆమె తండ్రి రంగనాథ్ ఉన్నారు. ఆయన నయాపూల్ దగ్గరి కోర్టులో వకీలు. రోజూ సాయంత్రం కారు ఆయనను కోర్టు నుంచి, దారిలో గోదాను బడి నుంచి ఎక్కించుకుని ఇంటికి వస్తుంది.

"ఏంది సాయిలూ ఈ లొల్లి?" అన్నారు రంగనాథ్.

"వెనుకదిక్కు నుంచి వస్తుంది వకీల్‌సాబ్. రేపు మెకానిక్ ఇశ్రాయేలు షెడ్డుకు తీస్కపోత," అన్నాడు డ్రైవరు సాయిలు.

"తీస్కపో. కోర్టు ముంగట దిగుతుంటె అందరు తిరిగి చూస్తున్రు. బాగుకాకుంటె దీన్ని అమ్మేస్త. ఓ చిన్న కారు కొని నేనే నడుపుకుంట."

స్టీరింగు మీద సాయిలు వేళ్లు బిగుసుకోవడం గోదా చూసింది.

అది మామూలు కారు కాదు. ఒక నవాబుగారి దేవిడీలో, అంటే పెద్ద భవంతిలో, వెలిగిన విలాయతీ కారు. గోదా తాతగారు దాన్ని కొన్నారు. మెత్తటి తోలు సీట్లు, నున్నటి కొయ్యపలక, లోపల కప్పుకు ఒక చిన్న దీపం. ఇరవై ఏళ్లుగా సాయిలు దానిని తుడిచాడు, నడిపాడు. వేరే కారు అతను ఎరుగడు. కారు పోతే అతని కొలువూ పోతుంది.

గోదా నడక నేర్చింది తాను 'కాకా' అని పిలిచే సాయిలు చేయి పట్టుకునే. ఆ రాత్రి అన్నం ఆమెకు సహించలేదు.

ఆ ఇంట్లో ఏది కిర్రుమన్నా నాయనమ్మ నాగమణమ్మ దగ్గర ఒకటే మందు ఉండేది. ఉయ్యాల గొలుసు కిర్రుమంటే కుట్టుమిషన్ నూనె. తలుపు బందు కిర్రుమంటే కుట్టుమిషన్ నూనె.

మరునాడు తెల్లవారగానే గోదా నూనె డబ్బా తీసుకుని వాకిట్లోకి వచ్చింది. వెనుక బంపరు మీద ఎక్కి గట్టిగా ఊగింది.

కిర్ర్ర్!

నాయనమ్మ దగ్గర పద్యాలు నేర్చిన చెవి ఆమెది. ఒక్క అక్షరం జారినా పట్టుకుంటుంది. చప్పుడు ఎడమ చక్రం వెనుక నుంచి వస్తోంది. వంగి చూసింది. విల్లులా వంగిన ఇనుప పట్టీలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉన్నాయి. వాటి కొసన, బిగించిన చోట, డబ్బా ముక్కు ఆనించి టిక్కుటిక్కుమని నొక్కింది.

మళ్లీ ఊగింది. చప్పుడు లేదు!

ఎవరికైనా చెప్పాలనిపించింది. కానీ చేసిన మంచిని చాటుకోకూడదని నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పలేదు? గోదా నోరు మూసుకుని, డబ్బా మిషన్ సొరుగులో పెట్టేసింది.

ఆ సాయంత్రం సాయిలు తల గోక్కుంటూ వచ్చాడు.

"షెడ్డుకు పోంగనే చప్పుడు బందయింది సాబ్. ఇశ్రాయేలు నడిపి నడిపి చూసిండు. ఒక్కపారి గూడ మూలగలే."

"డాక్టరును చూసి జ్వరం పారిపోయిందన్నట్టు!" అని రంగనాథ్ నవ్వారు.

నాలుగు రోజులకు చప్పుడు తిరిగి వచ్చింది. ఈసారి "కిర్ర్" తగ్గి "టక్" పెరిగింది. గోదా మరింత నూనె పోసింది. సాయిలు మళ్లీ షెడ్డుకు వెళ్లాడు. మళ్లీ చప్పుడు లేదు.

ఇంకో మూడు రోజులకు "టక్ టక్"మని దడదడలాడుతూ వచ్చింది. ఈసారి రంగనాథ్ నవ్వలేదు.

"నువ్వు షెడ్డుకే పోతున్నవా సాయిలూ? పత్తర్‌గట్టి కాడ చాయ్ తాగి మర్లి వస్తున్నవా?"

సాయిలు ముఖం వాడిపోయింది. "మీ నాయనగారు ఇరవై ఏండ్లల్ల నన్ను ఒక్కనాడు గిట్ల అడగలే సాబ్," అన్నాడు మెల్లగా.

"సరే. ఆదివారం నేనే వస్త. సోమవారం ఒకాయన కారు కొననీకె వస్తుండు. బాగుకాకుంటె ఇచ్చేస్త."

కిటికీ వెనుక నిలబడి గోదా ఆ మాటలన్నీ వింది. 'ఇంకొక్కసారి పోస్తే పూర్తిగా పోతుంది. అప్పుడు అందరూ సంతోషిస్తారు,' అనుకుంది. ఆదివారం తెల్లవారగానే డబ్బాలో ఉన్న నూనె అంతా పోసేసింది.

ఇశ్రాయేలు షెడ్డు కంచన్‌బాగ్ పోయే దారిలో ఉంది. గోదా కూడా వస్తానని పట్టుబట్టి కారెక్కింది. వాళ్లు వెళ్లేసరికి ఇశ్రాయేలు చర్చి నుంచి వచ్చి, తెల్లచొక్కా విప్పి మేకుకు తగిలిస్తున్నాడు.

"వచ్చిందా నా కాడికి రాంగనే మూగదయ్యే కారు?" అని నవ్వాడు.

అతను మూరెడు టేకు కర్ర తీశాడు. ఒక కొస కారు కింది ఇనుముకు, మరో కొస తన చెవికి ఆనించాడు. సాయిలు బంపరు నొక్కి కారును ఊపాడు.

"అదేంటి?" అని అడిగింది గోదా.

"డాక్టరు గొట్టం లెక్కనే బిడ్డా. ఇనుము ఏం చెప్తదో కర్ర నా చెవిల చెప్తది." కాసేపు విని అతను పెదవి విరిచాడు. "ఇయ్యాల గూడ ఏం చెప్తలేదు. ఇన్నిరోజులు రోడ్డు మీద నడిపి చూసిన. ఇగ కిందికే దూరుత."

గోనెపట్టా పరుచుకుని కారు కింద దూరాడు. కొంతసేపటికి అతని గొంతు కింద నుంచి వినిపించింది.

"సాయిలన్నా! గిదేంది?"

బయటికి వచ్చి వేలు చూపాడు. వేలంతా నల్లటి జిగురు. వాసన చూశాడు.

"కుట్టుమిషన్ నూనె! రబ్బరు మీద నూనె వోస్తరా ఎవలన్న? కమాన్ పట్టీ కొసకు, ఇనుముకు ఇనుము తగలకుండ, రబ్బరు బుష్ ఉంటది. అది ఎండి కిర్రుమన్నది, గంతే. అప్పుడే మార్చుకుంటె చిన్న పని. నూనె తాగి రబ్బరు ఉబ్బింది, మెత్తబడ్డది, చినిగింది. ఇప్పుడు నూనె ఆరంగనే ఇనుము పోయి ఇనుముకే కొట్టుకుంటుంది. కారు నా కాడికి వచ్చినప్పుడల్ల ఎవలో దాని నోరు మూసి పంపిన్రు!"

రంగనాథ్ సాయిలు వైపు తిరిగారు.

"కారు అమ్ముతనన్న భయానికి నూనె పోసి చప్పుడు దాచినవా సాయిలూ?"

"నేను కాదు సాబ్. దేవునితోడు."

"కారు నీ చేతులనే ఉంటది. నువ్వు కాకుంటె ఎవరు?"

సాయిలు మొలతాడుకు కట్టుకున్న తాళంచెవిని విప్పాడు. తాళంచెవిని కారు బానెట్ మీద పెట్టాడు.

"నమ్మకం లేనికాడ నడపలేను సాబ్. పోయొస్త."

గోదా మాట పెదవుల దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. తన గౌను అంచున నల్లటి నూనె మరక కనిపించింది. ఎవరూ దాన్ని చూడలేదు. చూడరు కూడా.

సాయిలు చెప్పులు గేటు వైపు కదిలాయి.

"కాకా, ఆగు!"

గోదా పరుగెత్తి అతని చేయి పట్టుకుంది. "బాపూ, నూనె పోసింది నేను. ఒక్కసారి కాదు, మూడుసార్లు పోసిన. చప్పుడు పోతే నువ్వు కాకను పంపవనుకున్న." గౌను అంచు ఎత్తి మరక చూపింది. అప్పుడు గానీ ఏడుపు రాలేదు.

గోడమీది కాకి ఒకటి అరిచి ఎగిరిపోయింది.

ముందుగా ఇశ్రాయేలే నోరు తెరిచాడు. "ఏం చెవి బిడ్డా నీది! నాకు చిక్కని జాగ నీకు ఒక్కపారికే చిక్కింది. గని, మందే తప్పు పోసినవ్."

రంగనాథ్ తాళంచెవిని తీసుకున్నారు. దాన్ని సాయిలు చేతిలో పెట్టి, తన రెండు చేతులతో ఆ పిడికిలిని మూశారు.

"వకీలునయ్యి గూడ సాక్ష్యం వినకుండనే తీర్పు చెప్పిన సాయిలు భాయ్. తప్పు నాది. మనసుల పెట్టుకోకు."

సాయిలు కళ్లు తుడుచుకున్నాడు. "పైకోర్టుకు పోదామనుకున్న సాబ్. మా బిడ్డ ఈడనే గెలిపిచ్చింది."

అందరూ నవ్వారు. గోదా కూడా ఏడుపు మధ్యలో నవ్వింది.

"నవ్వుడు అయినంక పని గూడ ఉంది," అంటూ ఇశ్రాయేలు బకెట్టు, సబ్బు, బ్రష్షు ఆమె ముందు పెట్టాడు. "నూనె పోసిన చేతులే కడగాలె. చప్పుడు మళ్ల రావాలె. ఇంకేడన్న దెబ్బ తగిలిందేమో అది చెప్తెనే మనకు ఎరుక."

గోదా పట్టీలను రుద్ది రుద్ది కడిగింది. ఎండకు ఆరనిచ్చారు. సాయిలు కారును ఊపాడు.

కిర్ర్ర్... టక్!

ఆ పాడు చప్పుడు విని నలుగురూ ఒక్కసారే "హమ్మయ్య!" అన్నారు.

ఇశ్రాయేలు టేకు కర్రను గోదా చెవికి ఆనించాడు. ఎడమవైపు పెట్టి చూపితే గట్టిగా కొట్టుకుంటోంది. కుడివైపు పెడితే సన్నగా మూలుగుతోంది. "కుడిదిక్కు గూడ ఎండిపోతుంది కాకా," అంది ఆమె. ఇశ్రాయేలు తానూ విని తల ఊపాడు. రెండువైపులా కొత్త బుష్‌లు వేశాడు. సోమవారం రావలసిన పెద్దమనిషికి రావద్దని రంగనాథ్ కబురు పంపారు.

పది రోజులు గడిచాయి. ఒక సాయంత్రం నాయనమ్మ పూజ ముగించి పీట మీది నుంచి లేస్తూ ఉంటే "టక్"మంది.

గోదా చదువుతున్న పుస్తకం మూసింది. "నాయనమ్మా, ఎక్కడిది ఆ చప్పుడు?"

"మోకాలే తల్లీ. ఏం కాదు. ఇంత నూనె రాస్కుంటె పోతది."

"నూనె తర్వాత. నొప్పి ఎన్ని రోజుల నుంచి?"

నాగమణమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నెలయింది. మీ బాపుకు చెప్పకు, ఉత్తగ ఫికర్ చేస్తడు."

గోదా ఒక్క క్షణం ఆలోచించింది. తరువాత వాకిట్లోకి నడిచి, అందరికీ వినిపించేలా పిలిచింది.

"బాపూ! నాయనమ్మకు నెల రోజుల నుంచి మోకాలు నొప్పి. సాయిలు కాకా, కారు తియ్యి. డాక్టరు దగ్గరికి పోదాం."

"అయ్యో, ఈ పిల్ల నోరు!" అని నాయనమ్మ నవ్వుతూనే కారెక్కింది.

గల్లీ మలుపులో గతుకు వచ్చింది. అలవాటుగా సాయిలు వేగం తగ్గించాడు. అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు. కారు మెత్తగా ఊగి, చల్లగా దాటిపోయింది.

"టక్!" అంది నాయనమ్మ మోకాలు.

అందరికన్నా ముందు నవ్వింది నాయనమ్మే.

పిల్లలూ, ఈ కథ చదివినవారికీ, చదివించుకుని విన్నవారికీ స్తంభంలో వెలసిన ఆ స్వామి చల్లని చూపు దక్కుగాక. మీ పెదవుల మీద ఆగిన మంచి మాట ఆగక పలుకుగాక. దాన్ని ఓపికగా వినే చెవి మీ ప్రతి ఇంటా ఉండుగాక. శుభమస్తు.